నలభయ్యో సంతకం

ఇంట్లో ఉప్పు నిండుకుందని మూడుసార్లు చెప్పినా లక్ష్మీనారాయణ సారుకు వినపడదు. ఊళ్ళో ఆడపిల్లలు ఇంతవరకూ ఒక్క గుహ కూడా చూడలేదన్న సంగతి మాత్రం నిద్రలో కూడా వినపడుతుంది. ఇట్లాంటి మనిషితో పద్దెనిమిదేళ్ళుగా వేగుతున్నానని ఆయన భార్య రామలక్ష్మమ్మ ఎదురింటావిడతో చెప్పుకునేది. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గొప్ప కూడా పలికేది.

రెండువేల నాలుగులో సారు ఆళ్ళగడ్డలో తన బడి పిల్లలకు టూరు పెట్టాడు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు, నలభై మంది. మొదటిరోజు బెలుం గుహలు, రాత్రికి నంద్యాలలో ఒక కల్యాణమండపంలో బస, మర్నాడు కర్నూలు మ్యూజియం. వెంట ఇద్దరు టీచరమ్మలు. మగవాళ్ళెవరూ పోకూడదని ఆయనే రూలు పెట్టాడు.

అయినా రాత్రి బస అనేసరికి తండ్రులు అడ్డం తిరిగారు. సారు సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పక్క పల్లెలో గొర్రెలు కాచుకునే దాసరయ్య వారం రోజులు మొండికేశాడు.

"ఆడబిడ్డ రాత్రిపూట యాడనో పండుకునేదేంది సార్? రేపు నలుగురు ఏమంటారు?"

"నలుగురి మాట తర్వాతప్పా. నీ బిడ్డ మీద నీకు నమ్మకం ఉందా లేదా, అది చెప్పు."

దాసరయ్య ఫారం మీద వేలిముద్ర వేశాడు.

తండ్రులు ఒప్పుకుని ఇచ్చిన ఫారాలు ముప్పై తొమ్మిది వచ్చాయి. భానుప్రియది ఒక్కటే రాలేదు. గుహల పటం గీసి తరగతి గోడకు అంటించిందీ, మ్యూజియంలో ఏమేం అడగాలో అందరికీ రాసిచ్చిందీ ఆ పిల్లే.

రామలక్ష్మమ్మ ఆ తండ్రితో రెండుసార్లు మాట్లాడింది. మొదటిసారి నవ్వి ఊరుకున్నాడు. రెండోసారి, "ఇంగ ఆ మాట ఎత్తొద్దు" అన్నాడు. పోనీ తల్లి సంతకం పెడదామంటే, ఫారంలో తండ్రికే గాని తల్లికి గీత లేదు. ఆ ఫారం తయారు చేసింది సారే.

"తల్లికీ ఒక గీత గీసింటే మీ సొమ్మేం పోయేది?" అని అడిగింది.

"ఆ ఇంటి సంగతి వేరే. నీకు తెల్దా ఏంది?"

తెలుసు. అందుకే మళ్ళీ అడగలేదు. చిత్రాన్నానికి నిమ్మకాయలు మాత్రం నలభై మందికి సరిపడా తెప్పించింది.

బయల్దేరే రోజు పొద్దున బడి ముందర బస్సు ఆగి ఉంది. రామలక్ష్మమ్మ అన్నం గంపలు ఎక్కిస్తోంది. దాసరయ్య ఉతికిన పంచె కట్టుకుని కూతుర్ని ఎక్కించడానికి వచ్చాడు. ఆ పిల్ల పక్కన కిటికీ సీటు ఖాళీగా ఉంది.

"జరుగు పాపా, కిటికీ కాడ కూర్చో."

"అది భానుప్రియ సీటు నాయనా. వాళ్ళ నాయన పంపలేదు," అంది కూతురు. అంతకుమించి చెప్పలేదు.

దాసరయ్య దిగి నేరుగా సారు దగ్గరికి వచ్చాడు.

"ఆ పిల్ల నాయన యాడుంటాడు సార్? నేను పోయి మాట్లాడొస్తా. బస్సు ఒక అరగంట ఆపండి."

"వినే మనిషి గాదులేప్పా."

"నేను మాత్రం వినే మనిషినా? మీరు చెబితే వినలేదా? మీరు నన్నడిగిందే అడుగుతా. నీ బిడ్డ మీద నీకు నమ్మకం ఉందా లేదా అని."

సారు చేతిలో ఉన్న పిల్లల పేర్ల పట్టీని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"చెప్పండి," అంది రామలక్ష్మమ్మ, చంకలో గంప దించకుండానే. "అంత ఇదిగా అడుగుతాంటే పేరన్నా చెప్పండి ఆయనకు."

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. సారు దాసరయ్య ముఖంలోకి చూడలేదు, భార్య ముఖంలోకీ చూడలేదు.

"తప్పు నాదేప్పా, నా సొంత బిడ్డ భానుప్రియను ఇంట్లో కూర్చోబెట్టుకొని, నీ బిడ్డను పంపమని నీకు చెప్పకుండా ఉండాల్సింది."