ఫ్యూజు తీగ బోణీ

దుకాణం పెట్టిననాడు పెంటయ్య చేతిలో ఉన్నది అరెకరం అమ్మిన సొమ్ము.

ఇప్పుడా సొమ్మంతా రాగి తీగ చుట్టలై పటాన్‌చెరు దుకాణంలో ఓ మూల పేర్చి ఉంది. కాలిన మోటార్లకు మళ్లీ చుట్టడానికి ఫ్యాక్టరీల వాళ్లు కొనే తీగ అది.

గల్లా మీద కార్డు మిషను మాత్రం పాతది, గీకేది. దాని మీద చిప్పు కార్డు గీకి, అది దొంగ కార్డని తేలితే నష్టం దుకాణానిదేనని బ్యాంకు చెప్పింది. కొత్త మిషను పెట్టుకోమంది.

"దానికి కిరాయి ఎక్కువ. ఇది మంచిగనే నడుస్తుంది" అని పెంటయ్య కొట్టిపారేశాడు.

ఓ ఉదయం అగరుబత్తి వెలిగించాడో లేదో, మెడలో కంపెనీ గుర్తింపు కార్డుతో ఒకతను వచ్చాడు.

"రాగి చుట్టలు ఎన్నున్నయి సేట్?"

"ఎన్ని గావాలె సార్?"

"అన్నీ. ఆటో బయటనే ఉంది. మీది గీకే మిషనే గదా?"

"అవు సార్."

"మంచిది" అంటూ కార్డు తీశాడు.

అంతలో ఒకామె మెట్లెక్కింది. కొంగు నెత్తిమీదుగా సగం మొహం కప్పుకుంది. పెంటయ్య ఎన్నడూ చూసిన మనిషి కాదు.

"పది రూపాయల ఫ్యూజు తీగ ఇయ్యి తమ్మీ."

"జెర ఆగక్కా. బోణీ బేరం నడుస్తుంది."

"ఆగితే నా బస్సు పోతది."

నోటు గల్లా మీద పెట్టేసింది. వదిలించుకుందామని పెంటయ్య తీగ తుంచి ఇచ్చాడు. అలవాటుగా నోటు కళ్లకద్దుకున్నాడు.

ఆమె గొంతు తగ్గించింది.

"బోణీ అయింది గదా. ఇగ బ్యాంకుకు ఫోన్ చేసి, అడిగినంకనే గీకు."

"నా బేరం చెడగొట్టనీకి వచ్చినవా?"

"అవు."

పెంటయ్యకు ఒళ్లు మండింది. బోణీ బేరాన్ని తిప్పి పంపడం అతని ఇంటావంటా లేదు. కానీ బోణీ అయిపోయింది. ఆ మాట మనసులో పురుగులా తొలిచింది. ఫోను తీశాడు.

"ఒక్క నిమిషం సార్. బ్యాంకును అడిగి గీకుతా."

"గంత అనుమానమైతే వద్దు. నీదొక్కటేనా దుకాణం?"

అతను కార్డు జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

"పాయె. ఏడాది బేరం పాయె. ఇగ సల్లగుంటవా?" అన్నాడు పెంటయ్య.

ఆమె ఆటో వెనక నంబరు చూస్తూ గబగబా మెట్లు దిగింది.

"మళ్లీ నా గడప తొక్కకు" అని వెనక నుంచి అరిచాడు.

వారం తిరక్కుండా బ్యాంకు ప్రభాకర్ దుకాణానికి వచ్చాడు.

"సంగారెడ్డిల దొంగ కార్డుకు ఇద్దరు మునిగిండ్రు సేట్. వాడు గీకే మిషన్లు చూస్కొని, బోణీ టైంకే వస్తడట. సదాశివపేటల దొరికిండు."

పెంటయ్య పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"కొత్త మిషను ఇయ్యాళ్నే పెట్టుండ్రి సార్. ఆ ముసుగు అక్కను మీరే పంపిండ్రా?"

"మేమెవర్నీ పంపలే. ఆటో నంబరు పోలీసులకు చెప్పింది ఆమెనే. కొన్నాళ్ల సంది పొద్దుగాల తీగల దుకాణాల ముంగట నిలబడి వాని కోసం సూస్తుండె. వాడు దొరికినంక బిడ్డ దగ్గరికి బొంబాయి పోయింది."

"పేరన్నా అడగకపోతి. ఎవలు సార్ ఆమె?"

ప్రభాకర్ చెప్పాడు.

పెంటయ్య లేచి, ఖాళీ మెట్లకు చేతులెత్తి దండం పెట్టాడు.

లెక్క చూస్తే ఒక్క చుట్టా తగ్గకుండా దుకాణమంతా అతనికి దక్కింది. దక్కించింది, అదే దొంగను బోణీ వేళ తిప్పి పంపలేక తన తీగల దుకాణమంతా పోగొట్టుకున్న జోగిపేట అరుణమ్మ.