ఆఖరి సీటు

“పుస్తకం మనూళ్లె సదివినా అదే, పట్నంల సదివినా అదే. అక్షరాలేమన్న మారుతయారా?” అన్నాడు అంతయ్య పటేల్.

దశరథం తల వంచుకుని నిలబడ్డాడు. డాక్టరు చదువు ప్రవేశ పరీక్ష కోసం పట్నంలో ఒక రిటైర్డు లెక్చరరు ఏడాది కోర్సు నడుపుతున్నాడు. అందులో చేరతానని కొడుకు, ఇంట్లోనే కూర్చుని చదువుకొమ్మని తండ్రి. నాలుగు రోజులుగా ఆ ఇంట్లో ఇదే రభస.

“అక్షరాలు మారయ్ బాపు. గని నేను మొన్నటిదాక ఉర్దూల సదివిన. పరీక్ష ఇంగ్లీషుల ఉంటది. తప్పు సదివితే గిది తప్పురా అని చెప్పేటోడు గీ ఊళ్లె ఎవడున్నడు?”

“నేను లేనా?”

నాలుగో తరగతితో చదువుకు దండం పెట్టిన మనిషి అంత ధీమాగా అనేసరికి వంటింట్లో లింగవ్వకు నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడప దాకా వచ్చింది.

“పిలగాడు చెప్పేది జర ఇను. చెన్నూరు తాలూకాల కాన్పు కష్టమైతే బండి కట్టుకోని యాడికో పోవాలె. మన పిలగాడు డాక్టరైతే మనకే గాదు, పది ఊళ్లకు మంచిది.”

“నేను వద్దన్ననా? ఇంట్ల సదువుమంటున్న. పట్నంల వీడు యాడుంటడు, ఏం తింటడు? ఆడ మనకెవలున్నరు?”

అసలు భయం అదీ. ఊరంతటికీ పెద్దమనిషిగా తిరిగే అంతయ్యకు పట్నం పేరెత్తితే చెమటలు పడతాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పైకి అనే ధైర్యమే ఎవరికీ లేదు.

సరిగ్గా అప్పుడే టేకు కంట్రాక్టరు వచ్చాడు. బెజవాడ మనిషి. అడవిలో పని ఉన్నప్పుడల్లా పటేల్ ఇంట్లోనే ఆయన భోజనం. సంగతి విని గట్టిగా నవ్వాడు.

“దీనికింత ఆలోచనెందుకు పటేల్ గారూ? మా మేనల్లుడు కూడా ఆ కోర్సులోనే చేరుతున్నాడు. గది తీసుకున్నాం. ఇద్దరూ కలిసి ఉంటారు, కలిసి చదువుకుంటారు. మీ ఇంటి అన్నం ఇన్నాళ్లు తిన్నాను, ఆమాత్రం చెయ్యలేనా?”

అంతయ్య కడుపు చల్లబడింది. ఇంటి చదువు గొప్పతనం అంతటితో ముగిసింది. మర్నాడు ఊళ్లో కనిపించిన వాడికల్లా, “కోర్సు లేకుంట డాక్టరు సీటు యాడ వస్తదయా? జమానా మారింది” అని ఆయనే చెప్పడం మొదలుపెట్టాడు.

దశరథం ఏడాదంతా ఒళ్లు వంచి చదివాడు. కంట్రాక్టరు మేనల్లుడు మంచివాడే. దశరథానికి ఇంగ్లీషు ముక్కలు విడమర్చి చెప్పేవాడు, దశరథం వాడికి ఫిజిక్సు లెక్కలు చెప్పేవాడు. పరీక్షకు ఇద్దరూ ఒకే రిక్షాలో వెళ్లారు.

ఫలితాలు తెలిశాక దశరథం బస్సు దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. అరుగు మీద తండ్రి, బడిపంతులు నాగయ్య మాట్లాడుకుంటున్నారు.

“సీటు రాలే బాపు.”

అంతయ్య గొంతు లేచింది. “నేను ముందే చెప్పలే? ఇంట్ల కూసోని సదువుకోరా అంటే ఇనలే. కోర్సు కోర్సని ఏడాది ఆగం జేసుకున్నవ్.”

“కోర్సు మంచిదే బాపు. మార్కులు మంచిగనే వచ్చినయ్. మన తెలంగాణోళ్లకిచ్చే సీట్లల్ల ఆఖరిది నాదాక వచ్చి తప్పింది. రెండు మార్కులు ఎక్కువొచ్చినోనికి పోయింది.”

“ఎవలకు? ఏ ఊరోడు?”

దశరథం ఆ మాట విననట్టు చేతిలో సంచి అరుగు మీద పెట్టాడు. నాగయ్య పంతులు గొంతు సవరించుకున్నాడు.

“బయటి నుంచి వచ్చినోడా ఏంది? ఈడనే పుట్టినమని దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పెట్టి మనోళ్ల సీట్లు మస్తు గుంజుకపోతున్నరట.”

దశరథం కాదనలేదు. తండ్రి మొహం చూడలేక చెప్పులు విడుస్తున్నట్టు కిందికి వంగాడు.

అంతయ్య అరుగు మీద నుంచి దిగ్గున లేచాడు. అంత కోపం ఆయనలో ఉందని లింగవ్వకు కూడా తెలియదు.

“ముల్కీ సర్టిఫికెట్ ఉత్తగ ఇస్తరా? పలానోడు మా ఊళ్లె పుట్టి పెరిగినోడని ఊరి పటేల్ పోయి సాక్ష్యం చెప్తెనే తహసీల్దారు ఇస్తడు. ఇన్నేండ్ల సంది పటేల్‌గిరీ చేస్తున్న, నాకు తెల్వదా? ఎవడో నా అసొంటి పటేలే నా కొడుకు నోటికాడి బుక్క గుంజి వేరేటోని నోట్ల పెట్టిండు.”

“జర నిమ్మలంగ మాట్లాడుండ్రి పటేలా” అన్నాడు నాగయ్య.

“ఏం నిమ్మలం? ఆదిలాబాద్ పోత. కలెక్టర్ ముంగట నిలబడ్త. ఆని పటేల్‌గిరీ ఊడగొట్టించేదాక ఇంటి మొఖం చూడ. ఆనికి పిల్లల్లేరా? ఏ మొఖం పెట్టుకోని అబద్ధం చెప్పిండు?” రుమాలు తలకు చుట్టుకుని మెట్టు దిగాడు.

దశరథం అడ్డం వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “పోకు బాపు. వచ్చే ఏడు ఇంట్లనే సదువుకుంట. నువ్వన్నట్టే సదువుత. ఇది ఇడిసిపెట్టు.”

“ఎందుకు ఇడిసిపెట్టాలె? ఎవనికి భయపడుతున్నవ్? నీకు ఆ పటేల్ తెలుసు. ఎవడాడు, చెప్పు.”

లింగవ్వ ఏడుస్తూ, “చెప్పు కొడుకా, ఎవడైతేంది” అంది.

చెప్పక తప్పలేదు. దశరథం తండ్రి చెయ్యి వదలకుండా మెల్లగా అన్నాడు.

“సీటు కంట్రాక్టరు మేనల్లునికి వచ్చింది. నాకు గది జూపిచ్చిండని నువ్వే ఆయన జీపుల చెన్నూరు పోయి, వాడు మా ఊళ్లె పుట్టినోడేనని తహసీల్దారుకు చెప్పొచ్చినవట గద బాపు.”