చెవి యంత్రం లేని పరీక్ష

వియత్నాంలో నర్సులకు ఇంగ్లిషు నేర్పి, పరీక్ష పెట్టేది నేనే. చెవిలోని అనువాద యంత్రం తీసేసి రోగితో మాట్లాడాలి. రోగిగా నేనే కూర్చుంటాను. ఫెయిలైతే ఉద్యోగం పోతుంది.

లాన్ అనే నర్సు యంత్రం తీసి బల్ల మీద పెట్టింది. నేను గుండె పట్టుకుని కుర్చీలో ఒరిగాను. ఆ పిల్ల పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. చాలాసేపటికి ఇంగ్లిషులో, "నొప్పి ఎక్కడ?" అంది.

"ఫెయిల్" అన్నాను.

గబగబా యంత్రం పెట్టుకుంది. అది ఆమె ఏడుపు మాటల్ని చక్కటి తెలుగులో పలికింది. "అడిగాను కదా మాస్టారూ. కాస్త ఆలస్యమైతే ఏం? ఈ యంత్రం ఎప్పుడూ ఆగదు."

"ఒకసారి ఆగింది. ఆ రోజు మా ఆవిడ మంచం పక్కన నర్సు నీలాగే నిలబడింది. ఆమె అడిగేసరికి, చెప్పడానికి మా ఆవిడ లేదు."