మూఢానికి ముందు శనివారం

పక్క మంచం మనిషి చెయ్యి వణికి, గ్లాసులో మజ్జిగ పూర్ణచంద్రరావు తెల్ల పంచె మీద ఒలికింది.

“కాస్త చూసుకోవయ్యా!”

ఆ మనిషి దవడకి అడ్డం పెట్టుకున్న తువ్వాలు తీసి, దాంతోనే పంచె తుడవబోయాడు.

“వద్దొద్దు. ఉండనీ.”

రావు కాళ్ళు మంచం మీదికి లాక్కున్నాడు.

బందరులో అదొక చిన్న నర్సింగ్ హోం. ఇద్దరికీ నోట్లోనే కాన్సరు. రావుకి చుట్టలు తెచ్చిపెట్టాయి, ఆయనకి జర్దా కిళ్ళీ. రావు గుడివాడ దగ్గర మోతుబరి రైతు. ఆయన ఎవరో రావు అడగలేదు. దివిసీమ మనిషని నర్సు చెప్పింది. గళ్ళ లుంగీ, మాసిన గడ్డం. నోరు సరిగ్గా తెరుచుకోదు కాబట్టి మాటలు తక్కువ.

హైదరాబాదు నుంచి నెలకో శనివారం వచ్చి ఆపరేషన్ చేసే సర్జన్, ఈసారి శుక్రవారమే దిగాడు. ఎక్స్‌రేలు కిటికీ వెలుగుకి పట్టి చూశాడు.

“ఇద్దరిదీ ఒకలాగే ఉందండీ. పుండు చిగురు దాకా వచ్చింది. ఎముకని ఇంకా తాకలేదు.”

“తాకితే?” అన్నాడు రావు.

“నాలుగో దశ కింద లెక్క. ఆ పక్క దవడ తీసెయ్యాలి. కాలి ఎముక తెచ్చి అతకాలి. ఆపైన రేడియేషన్, అదే కరెంటు పెట్టించాలి. ఇప్పుడైతే దవడ అంచు చెక్కితే సరిపోతుంది.”

“అయితే రేపే కానిచ్చెయ్యండి.”

“రేపు ఒక్కరికే చెయ్యగలను. ముందు పేరు ఆయనది. మీది వచ్చే నెల. హైదరాబాదు వచ్చినా ఈలోపు ఖాళీ లేదు.”

“నెల్లో ఎముకలోకి దిగదుగా?”

“దిగకపోవచ్చు. దిగనూ వచ్చు.”

సర్జన్ వెళ్ళిపోయాక రావు నాలుకతో దవడ లోపలి అంచుని తడుముకున్నాడు. గట్టిగా ఉంది. ఇంకా తనదే.

“వచ్చే నెలంతా మూఢం కదూ?” అన్నాడు.

జావ కలుపుతున్న రావు భార్య వెంకాయమ్మ చెయ్యి ఆగింది.

“మీకెప్పట్నించండీ మూఢాలు? మూఢంలో బోరు వేయించారు. మూఢంలో ట్రాక్టరు కొన్నారు. నేను వద్దంటే నవ్వారు.”

“అది ట్రాక్టరే. ఇది ప్రాణం.”

పక్క మంచం ఆయన భార్య లలితాంబ కొబ్బరిబొండాం కోసం కిందికి వెళ్ళింది. ఆవిడ మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా రావు ఆగాడు.

“ఏవండీ, మా ఇంట్లో మూఢం పట్టింపు ఎక్కువండీ. మా ఆవిడైతే మరీను.”

వెంకాయమ్మ మళ్ళీ చెంచా తిప్పడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు.

“మీకలాంటివి లేకపోతే, రేపటి వరస నాకివ్వరా?”

ఆ మనిషి రావు కళ్ళలోకి చూశాడు. రావు చూపు తిప్పుకున్నాడు.

“రాత్రుళ్ళు నిద్ర పడుతోందా?” మాట ముద్దముద్దగా వచ్చింది.

“లేదండీ.”

“అయితే మీరే కానివ్వండి.”

సర్జన్ మళ్ళీ వచ్చి, “ఆలోచించుకునే ఒప్పుకున్నారా?” అని అడిగినప్పుడు కూడా ఆయన తలూపాడు.

“చూశావా? ఆయనకి తిథీ వారమూ పట్టవు. నాస్తికుడేమో!” అన్నాడు రావు భార్యతో. ఆ మాట అనగానే గుండె తేలికైంది. అందుకని మరోసారి అన్నాడు.

రావు దవడ దక్కింది. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరికీ పక్క మంచం ఆయన నాస్తికుడన్న ఆ మాటే చెప్పాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పాడు.

చూపించుకోడానికి బందరు వెళ్ళినప్పుడు మాత్రం పక్క మంచం సంగతి అడగలేదు. తర్వాత వెళ్ళినప్పుడూ అడగలేదు. ఆ మంచమున్న గదివైపు చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నాడు.

వానాకాలంలో ఒకరోజు, ఆసుపత్రి వరండాలో లలితాంబ ఎదురుపడింది. మిగిలిపోయిన మందులు ఎవరికైనా పనికొస్తాయని నర్సుకి ఇస్తోంది.

“ఎముకలోకి దిగిపోయిందన్నారండీ. ఒక పక్క దవడంతా తీశారు. కరెంటు పెడుతుండగానే పోయారు.”

ఏదో ఒకటి అనాలి. రావు దగ్గర ఉన్నది ఒక్క మాటే.

“ఆయనకి మూఢం పట్టింపు లేదు కదా అని నేను...”

“మీరడిగిన సంగతి చెప్పారు. పోట్లాడాను. ‘ఉన్నమాట చెబితే ఊరుకుంటాడే. కానీ భయంతో రాత్రంతా కళ్ళు తెరుచుకునే ఉంటున్నాడు పాపం’ అన్నారు.”

రావు నాలుక దవడ అంచుని తడిమింది. గట్టిగా ఉంది.

“ఏమిటండీ ఆ ఉన్నమాట?”

లలితాంబ సంచి మూతి ముడేసి, మెల్లగా అంది:

“మందుకీ శస్త్రానికీ మూఢం లేదని ఊరూరా చెప్పి, భయపడేవాళ్ళని ఆసుపత్రికి పంపించే మా మోపిదేవి సిద్ధాంతి ఆయనేనండీ.”