గోడకవతలి మిషను

"ఎవరిదా కాలు?"

గిటారు మాస్టారి అరుపుకి క్లాసులో చేతులన్నీ ఆగిపోయాయి.

వెనక వరసలో కూర్చున్న పెద్దాయన చెప్పుకాలు గబుక్కున లోపలికి లాక్కున్నాడు. "నాదే మాస్టారూ. నాకు తెలీకుండానే ఆడుతోంది."

"ఎన్నిసార్లు చెప్పాలి బాబాయ్ గారూ? టక్కు టక్కుమని ఆ చప్పుడేమిటి? వీళ్లు నన్ను వినాలా, మీ చెప్పునా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దాయన కూడా నవ్వేశాడు.

పిల్లల క్లాసులో చేరిన ముసలాయన ఆయనొక్కడే. వేళ్లు బిరుసెక్కి తీగల మీద నిలబడేవి కావు. అందుకని ఎడంచేత్తో తీగలన్నీ మూసేసి, కుడిచేత్తో పైకీ కిందకీ మీటుతుండేవాడు. పాటా లేదు, పాడూ లేదు. ఉత్త చప్పుడు.

పిల్లలకి మొదట్లో ఒకటే జబ్బు. ఎడంచేతి వేళ్లు మార్చాల్సి వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి ఆగిపోయేది.

"చెయ్యి ఆపకండర్రా! తీగకి తగిలినా తగలకపోయినా అది ఊగుతూనే ఉండాలి. నాకు మాత్రం నేర్పేవాళ్లెవరున్నారు? మా ఇంటి వెనక గోడకవతల ఏదో మిషను ఉండేది. సాయంత్రమైతే చాలు, టక్కు టక్కుమని మొదలయ్యేది. దాన్ని పట్టుకునే నేర్చుకున్నాను."

"అంత బాగా పనికొచ్చిందా ఆ మిషను?" అడిగాడు పెద్దాయన.

"అదే నా గురువు. మనుషులు తప్పుతారు గానీ మిషను తప్పుతుందా?"

పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. ఎందుకంత నవ్వో ఎవరికీ అర్థం కాలేదు.

చెప్పగా చెప్పగా పిల్లలు దారికొచ్చారు. అంతా తన గొంతు మహిమే అనుకున్నాడు మాస్టారు.

తల్లిదండ్రుల ముందు మొదటి ప్రోగ్రాం. దానికి ముందురోజు, పిల్లలంతా వెళ్లాక పెద్దాయన ఆగాడు.

"రేపు నన్ను కూడా స్టేజి మీద కూర్చోబెడతారా మాస్టారూ? మీ పక్కన. ఏ మూలైనా సరే."

"మీరా? ఆ కాలేసుకునా? నలుగురిలో నా పరువు తీద్దామనా?"

పెద్దాయన ఏదో చెప్పబోయి మానేశాడు.

"అంతేలే నాయనా. నువ్వన్నదీ నిజమే."

గిటారు గోడకి ఆనించి, అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. పీడా పోయిందనుకున్నాడు మాస్టారు.

మర్నాడు స్టేజి మీద పాట సగానికి రాకుండానే కొంప మునిగింది. ఒకడు ముందుకు పరిగెత్తాడు, ఇంకొకడు వెనకబడ్డాడు. చివరికి అందరూ ఆపేసి బిక్కమొహాలేసుకుని కూర్చున్నారు.

"నిన్నటిదాకా బాగానే వాయించారుగా! ఏం మాయరోగం వచ్చింది?" తెర వెనక కళ్లజోడు పిల్లని నిలదీశాడు మాస్టారు.

ఆ పిల్ల వెక్కుతూ చెప్పింది. "మేం ఎప్పుడూ తాతగారి కాలు వినే వాయించాం సార్. ఇవాళ అది లేదుగా."

మాస్టారు క్లాసుకెళ్లి, గోడకి ఆనించి ఉన్న పెద్దాయన గిటారు చేతిలోకి తీసుకున్నాడు.

అది ఇచ్చేసి, తప్పయిపోయిందని చెప్పాలనుకున్నాడు. మొహం చెల్లలేదు. రేపు, మాపు అంటూ రోజులు గడిపేశాడు. చివరికి కళ్లజోడు పిల్లే వెంటబెట్టుకెళ్లి ఇల్లు చూపించింది.

చూస్తే, చిన్నప్పుడు తను అమ్మతో అద్దెకున్న ఇంటికి అది సరిగ్గా వెనక వీధి. రెండిళ్లకీ వెనక గోడ ఒకటే. మిషనున్న ఇల్లు ఇదేనన్నమాట అనుకున్నాడు.

తలుపు తీసిన పెద్దావిడ గిటారు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆయన లేరు బాబూ. మొన్న నిద్రలోనే పోయారు. మాస్టారి పక్కన కూర్చుంటానని కొత్త చొక్కా కుట్టించుకున్నారు. మడత కూడా విప్పలేదు."

నాలుగు రోజులు ముందొచ్చినా బతికున్న మనిషితో మాట్లాడేవాడు. ఆ మాట తలుచుకుంటే మాస్టారికి దుఃఖం ఆగలేదు.

గిటారు వెనక గదిలో పెట్టమందావిడ. అక్కడ గోడకి ఒక్కచోట, అరచేయంత మేర సున్నం రాలి గుంట పడి ఉంది. దాని ముందు ఓ పాత కుర్చీ.

"అమ్మా, ఈ గదిలో ఏదో మిషను ఉండేది కదా?"

"మిషనేమిటి బాబూ, గోడకవతల ఎవరో తండ్రిలేని పిల్లాడు గిటారు నేర్చుకుంటూ తడబడుతుంటే, ఆయనే రోజూ పని నుంచి రాగానే ఈ కుర్చీలో కూర్చుని, వాడు ఆపేదాకా చెక్క గరిటెతో గోడ మీద కొట్టేవారు."