ఏదుపంది ప్రమోషన్లు

మాసిడోనియా కొండల్లో ఏదుపందుల సైన్యం పదహారు వరుసల్లో నిలబడి యుద్ధం చేసేది. ముందున్నది చస్తే వెనకది ఒక వరుస ముందుకు జరిగేది. దాన్నే ప్రమోషన్ అనేవారు.

ఒక ఏదుపంది పదహారో వరుసలో చేరింది. యుద్ధానికో వరుస చొప్పున ముందుకొచ్చింది. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా దాని పెళ్లాం వీధంతా దుంపలు పంచిపెట్టేది. ఆఖరికి అది మొదటి వరుసకొచ్చి దళపతి అయింది. తలకు ఎర్ర ఈక కట్టారు. అప్పటిదాకా దానికి ముందున్న దాని వీపు తప్ప ఏమీ కనపడలేదు. ఆ రోజు ఎదుటి సైన్యంలోని ఎలుగుబంటి కనపడింది.

ఎలాగో బతికి బయటపడి, సరాసరి సింహరాజు దగ్గరికి పరిగెత్తింది.

“ప్రభూ, నన్ను మళ్లీ పదహారో వరుసకే పంపండి. ఈక కూడా తీసేసుకోండి.”

“వెనక వరుసలో కూడా ఒక దళపతి పదవి ఉందయ్యా,” అంది సింహం. “పారిపోయేవాళ్లను పొడిచి ముందుకు తోలడమే పని. ఒంటి మీద గీత కూడా పడదు. కాకపోతే మొదటి వరుసలో పదేళ్లు చేసినవాళ్లకే ఇస్తాం.”

“ఇప్పుడు అందులో ఎవరున్నారు ప్రభూ?”

“ఖాళీగానే ఉంది,” అంది సింహం. “మా తాతగారి కాలం నుంచీ ఒక్క దరఖాస్తూ రాలేదు.”