పోయి రా

తెర మీద తెల్లదొర ఒకడు పాత పెట్టె మూత ఎత్తి, "ఇందులో శవం ఉంది" అన్నాడు. మొహం దొరది, గొంతు మాత్రం పుంగనూరు మురళిది.

ఇందు సినిమా ఆపింది. వెనక్కి తిప్పింది. "ఇందులో" అన్న మాటలో చివరి "లో" కోసి పారేసింది. మిగిలినదాన్ని కాస్త సాగదీసి వింది.

"ఇందూ."

ఒళ్లు ఝల్లుమంది. నాన్న తనను పేరు పెట్టి పిలవగా విని ఎన్నాళ్లయింది!

మురళి చెన్నైకి పోయి వస్తూ ఇంగ్లీషు సినిమాలకు తెలుగు డబ్బింగ్ చెప్పేవాడు. హీరోకు గొంతివ్వడానికి ఒక్కసారీ పిలవలేదు పాపం. కాపలావాడు, సిపాయి, పడవ నడిపేవాడు, దయ్యం. ఇంటర్వెల్ లోపల చచ్చేవాళ్లంతా ఆయన వాటాకే వచ్చేవాళ్లు. "ఈసారి ఎట్ల సచ్చినావప్పా?" అని ఊళ్లోవాళ్లు ఆటపట్టిస్తే ఆయనా నవ్వేవాడు. ఇంటికొస్తే నోట్లోంచి మాట ఊడిపడేది కాదు. ఉన్న గొంతంతా కూలికే ఖర్చయిపోయేది మరి. ఆ ఉన్న నాలుగు మాటలైనా ఫోన్లో దాచుకోవాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు ఇందుకు పెళ్లి. అబ్బాయి యశ్వంత్‌ది కుప్పం. వీళ్లింట్లో ఒక పట్టింపు ఉంది. అప్పగింతలప్పుడు తండ్రి "పోయి రామ్మా" అన్నాకే ఆడపిల్ల గడప దాటాలి. ఊరికే "పో" అనకూడదు. రమ్మనడం అందులో ఉండి తీరాలి. మేనమామ చెంగల్రాయుడు ఆ మాటేదో తాను అనేస్తానన్నాడు. ఇందు ససేమిరా అంది. నాన్న గొంతే కావాలంది.

మదనపల్లెలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం ఆమె ఉద్యోగం. కోయడం, అతకడం ఆమెకు కొత్త కాదు. సాయంత్రం ఇంటికొచ్చి నాన్న డబ్బింగ్ చెప్పిన సినిమాలన్నీ ముందేసుకుని కూర్చునేది. చిక్కెక్కడ వచ్చిందంటే, ఇంగ్లీషువాళ్లు ఎవరూ "పోయి రా" అనుకోరు. "వెళ్లు" అంటారు. "పారిపో" అంటారు. "సెలవు" అంటారు. అంతంత పెద్ద సినిమాల్లో ఒక్క మనిషైనా ఎదుటిమనిషిని మళ్లీ రమ్మని పంపితే ఒట్టు.

"పోయి" యుద్ధం సినిమాలో దొరికింది. "వంతెన పోయింది సార్" అంటాడు సిపాయి. "అమ్మా" కూడా ఆ సిపాయిదే. గుండు తగలగానే గావుకేక పెడతాడు, తర్వాత కళ్లు మూతపడుతుండగా మెత్తగా ఇంకోసారి అంటాడు. ఆ మెత్తనిది తీసుకుంది. అయితే ముందు కేక గది దాటి పోనే పోయింది. వెనక గది తలుపు మెల్లగా మూసుకుంది. ఇందు గబుక్కున సౌండు తగ్గించింది.

ఇక "రా". అది దయ్యం సినిమాలో దొరికింది. పాడుబడ్డ బంగళాలో మెట్ల కిందినుంచి ఆ దయ్యం "రా... రా..." అని పిలుస్తుంది. ఎంత ప్రేమగా పిలుస్తుందో! ఇందు నాలుగు ముక్కలూ అతికి మోగించింది.

"ఇందూ. పోయి రా అమ్మా."

వంటింట్లోంచి అమ్మ పుష్పావతి వచ్చింది. చేతిలో గ్లాసు ఉంది.

"తీసెయ్ దాన్ని. దయ్యం పిలిచే రా అది. పెండ్లికూతుర్ని దాంతోనా సాగనంపేది?"

"నాన్న గొంతే గదమ్మా."

"పోయిందేదో పోయింది. యాల దాన్ని ఎతుకుతాండావు? దినామూ ఆ సావులన్నీ ఇనలేక సస్తాండాము ఈడ."

ఆమె కళ్లు ఒత్తుకుని, గ్లాసు తీసుకుపోయి వెనక గదిలో పెట్టి వచ్చింది. పొద్దుగూకితే పలచటి రాగిజావ ఆ గదిలో పెట్టడం ఆమెకు తప్పదు.

మర్నాడు పక్కింటి బయ్యమ్మ నిమ్మకాయతో దిగింది. "ఆ గొంతు ఇంక ఈ జన్మలో ఇనబడదనుకుంటిమి గదమ్మా. నిన్న గోడ పక్కనుంచి వస్తాంటే కాళ్లు సల్లబడిపాయ నాకు" అంది. గుమ్మానికి నిమ్మకాయ కట్టి పోయింది.

ఇందుకు నవ్వు రాలేదు. ఆ "రా" ఆమె వెంటే తిరుగుతోంది. బస్సులో కిటికీ పక్క కూర్చున్నా, ఆఫీసులో ఇంకెవరి పెళ్లి బాజాలో కోస్తున్నా, మెట్ల కిందినుంచి ఎవరో పిలిచినట్టే ఉంది. అమ్మ అన్నదీ నిజమే, అది మనిషి పిలుపు కాదు. వేరే "రా" దొరకకపోతే తాను మాట లేకుండానే గడప దాటాలి. తలుచుకుంటే ఏడుపొచ్చేది.

పెళ్లి ముంగిట్లోకి వచ్చేసరికి దొరికింది. రాజుల కాలం సినిమా. కోట తలుపు దగ్గర కాపలావాడు ఛాతీ విరిచి, "రాణిగారు వస్తున్నారు!" అని కేకేస్తాడు. ఇందు "రా" దగ్గర ఆపి మిగతాదంతా కోసేసింది. ఆ "రా"లో చీకటి లేదు. కూతుర్ని చూసి మురిసిపోతున్న తండ్రి నోట వచ్చినట్టే ఉంది.

పెళ్లి బాగా జరిగింది. కుప్పం కారు వాకిట్లోకి వచ్చింది. యశ్వంత్ పక్కన ఇందు గడప దగ్గరికొచ్చి నిలబడిపోయింది. మేళం ఆగింది.

"ఇందూ. పోయి రా అమ్మా."

పుష్పావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయ్యమ్మ చేతులు జోడించింది. ఇందు భోరుమని ఏడ్చింది.

ఫోన్ మీదినుంచి వేలు తీసి, మెడ మీద, మాట పోగొట్టిన ఆపరేషన్ గాటు కనబడకుండా కండువా సర్దుకుని, కూతురి తల మీద చెయ్యి పెట్టాడు మురళి.